అత్తయ్య పక్క బెల్టు

3వ తేదీ, సోమవారం

పికప్పులో రెండు ఏటీవీలు, అదే మైదానంలో టూరిస్టులకి అద్దెకిచ్చే నాలుగు చక్రాల బండ్లు, కొండ పైకి చేర్చాం. ఎండ. గాలి లేదు. పైన మైదానంలో దించబోతూ చూస్తే, వెనక ఏటీవీకి అత్తయ్య పక్క బెల్టు వదులుగా ఉంది. పట్టుకుని ఊపితే ఊగింది.

కొండ దారి నిండా గతుకులే. గతుకులకి బెల్టు వదులవుతుంది.

నా పక్క బెల్టు వదులవలేదు. అదీ అదే దారిన వచ్చింది.

4వ తేదీ, మంగళవారం

రిపేరుకి రెండు కిందికి తెచ్చాం. అత్తయ్య పక్క మళ్లీ వదులు. నిన్నటికంటే తక్కువే. తక్కువే అని రాసుకుంటున్నాను.

ఈ పనిలో చేరిన మొదటి రోజు అత్తయ్య నాకు నేర్పింది కట్టడం కాదు, ముట్టుకోకపోవడం. పికప్పు తొట్టి మీద ఇనప ర్యాక్, దాని మీద రెండు ఏటీవీలు అడ్డంగా, ఒకదాని వెనక ఒకటి. అత్తయ్య వాటిని దున్నలు అంటుంది. "దున్నల మూతులు నీవి, తోకలు నావి. నీ పక్క నువ్వే కట్టాలి, నువ్వే విప్పాలి. నా పక్క నువ్వు ముట్టుకోకు, నీ పక్క నేను ముట్టుకోను. ఇద్దరి చెయ్యి పడిన కట్టుకి రేపు ఏమన్నా అయితే నువ్వంటే నువ్వని కొట్టుకోవాలి" అంది. అత్తాకోడళ్లం కాబట్టి అలా చెప్పిందేమో అనుకున్నాను. కాదట. మామయ్య బతికుండగా ఆయనతో కూడా అదే లెక్క. ఆయన పక్కే నాకొచ్చింది.

ఇంకో సంగతి. ఏటీవీని వాలుగా పెట్టిన ర్యాంపు పలకల మీదుగా ర్యాక్ ఎక్కించే పని అత్తయ్య నాకు ఒప్పజెప్పి కొన్ని నెలలైంది. "నువ్వూ నేర్చుకోవాలి కదా, నేనెంతకాలం ఎక్కిస్తాను" అంది. నన్ను నమ్మిందని సంబరపడ్డాను. ఏటీవీకి యాక్సిలరేటరు కుడి చేతి బొటనవేలితో నొక్కాలి. సంబరంలో ఆ మాట తట్టలేదు. ఇవాళ తట్టింది.

7వ తేదీ, శుక్రవారం

కావాలనే ర్యాంపులు నెమ్మదిగా సర్దుతూ చూశాను. బెల్టుకి ర్యాచెట్ ఉంటుంది. దాని పిడిని పైకీ కిందికీ ఆడిస్తే టక్కుటక్కుమని పళ్లు పడుతూ బెల్టు బిగుస్తుంది. అత్తయ్య పిడిని వేళ్లతో పట్టుకోవడం లేదు. మణికట్టు దగ్గర ఆనించి, మోచేతిని నడుముకి అదిమిపెట్టి, ఒళ్లంతా వంచి లాగుతోంది.

"చెయ్యి నొప్పిగా ఉందా అత్తయ్యా?"

"నా చెయ్యి సంగతి నీకెందుకు? నీ దున్న మూతి చూసుకో."

"అది కాదు, డాక్టరుకి ఒకసారి..."

"డాక్టరు దగ్గరికెళ్తే ఏమంటాడు? పని మానెయ్ అంటాడు. ఆ ముక్క చెప్పడానికి ఆయన దాకా ఎందుకు, నువ్వున్నావుగా."

స్టీరింగు మాత్రం బాగానే పట్టుకుంటుంది. అరచేతులతో. బండి నడపడంలో ఇప్పటికీ వంక పెట్టడానికి లేదు. నాకు స్కూటరు తప్ప ఏదీ రాదు కాబట్టి వంక పెట్టే అర్హత కూడా లేదు.

8వ తేదీ, శనివారం

ఏటీవీలు రిపేరు చేసే మా షెడ్డులో మా ఆయన ఒక్కడే ఉన్నప్పుడు అడిగాను. ఆయన ఏటీవీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్లతో మాట్లాడినట్టే ఉంది.

"అత్తయ్య చెయ్యి చూశారా?"

"ఏ చెయ్యి?"

"రెండూ."

కాళ్లు కదల్లేదు. "చూశాను. మొన్న టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఇచ్చింది. కొడుక్కి ఇన్నాళ్లకి మర్యాద ఇస్తోందేమో అనుకున్నా."

"మీరు చెప్పండి ఆవిడకి."

"నేను చెబితే నీ పెళ్లాం నేర్పిందా అంటుంది. నువ్వు చెప్పు."

"నేను చెబితే నీ మొగుడు నేర్పాడా అంటుంది."

"చూశావా, ఇద్దరినీ సమానంగానే చూస్తుంది మా అమ్మ."

నవ్వాను. ఆయన స్పానరు అందించమన్నాడు. అందించాను.

10వ తేదీ, సోమవారం

కొండ మొదట్లో గేటు దగ్గర బండి ఆపి, డ్రైవరు దిగి వెళ్లి అనుమతి కాగితం చూపించాలి. అత్తయ్య దిగి వెళ్లింది. నేను కాళ్లు సాగదీసుకుందామని దిగాను. అటు పక్కకి వెళ్లాను. వెనక బండి బెల్టు చూశాను. ముందు చేత్తో ఊపి చూశాను. తర్వాత పిడి ఆడించాను. నాలుగు టక్కులు పడ్డాయి. ముందు బండికి మూడు.

ఇది ముట్టుకోవడం కిందికి రాదు. చూడటం కిందికే వస్తుంది.

అత్తయ్య వచ్చేసరికి నా సీటులో ఉన్నాను. "ఏంటలా రొప్పుతున్నావ్?" అంది. ఉక్కగా ఉందన్నాను.

11వ తేదీ, మంగళవారం

మళ్లీ చూశాను.

13వ తేదీ, గురువారం

గేటు దగ్గర చూడటం అలవాటైంది. కాగితం చూపించి గేటు మనిషితో రెండు మాటలాడి రావడం అత్తయ్యకి అలవాటు. అతను తన కూతురి పరీక్షల గురించి చెప్తాడు. ఆ పిల్ల ఎప్పుడూ ఏదో ఒక పరీక్ష రాస్తూనే ఉండాలని కోరుకుంటున్నాను.

ఇవాళ పైన బెల్టులు విప్పుతూ అత్తయ్య ఆగిపోయింది. రెండు చేతులతో పిడిని గుంజుతోంది. రావడం లేదు. వెళ్లి సాయం చెయ్యబోయాను. కంటితోనే ఆపింది. చివరికి మోకాలు ఆనించి విప్పింది. చెమట తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వింది.

"చూశావా ఎంత గట్టిగా కట్టానో. విప్పడానికే ఊపిరి పోయింది. నువ్వేమో డాక్టరంటావు."

"అవునత్తయ్యా" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది. పెళ్లయి వచ్చాక ఆవిడ నోట పాట వినడం ఇదే మొదలు. రాగం తప్పుగా ఉంది. బాగుంది.

15వ తేదీ, శనివారం

గేటు తెరిచే ఉంది. గేటు మనిషి లేడు. ఇంకెవరో లోపలినుంచి వెళ్లమని చెయ్యి ఊపారు. అత్తయ్య ఆపకుండా పోనిచ్చింది.

"ఆపండి అత్తయ్యా."

"ఎందుకు?"

మంచినీళ్లు తాగాలన్నాను. సీసా నీ ఒళ్లోనే ఉందంది. ఉంది.

పైకి చేరేదాకా పక్క అద్దంలో చూస్తూనే కూర్చున్నాను. వెనక స్కూటర్లు, కార్లు. సెలవు రోజు కాబట్టి కుటుంబాలు కుటుంబాలే వస్తున్నాయి. ఒక బండి మీద తండ్రి, ముందు నిలబడ్డ పిల్ల. చాలాసేపు మా వెనకే వచ్చారు. దాటి వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేశాను. ఆ పిల్ల తిరిగి చెయ్యి ఊపింది.

మైదానంలో దిగాక అత్తయ్య తన బెల్టు మీద చెయ్యి వేసింది. బెల్టు ఊగింది. ఇంకోసారి వేసింది. నేను నా పక్క విప్పుకుంటూ ఉన్నాను. చూడనట్టు ఉండటం నాకు బాగా వస్తుందని ఇవాళ తెలిసింది.

తిరుగు దారిలో పాట లేదు.

17వ తేదీ, సోమవారం

గేటు దగ్గర చూస్తే అత్తయ్య బెల్టులు బిగువుగా ఉన్నాయి. ఊపితే ఊగలేదు. వేలితో మీటితే మోగింది.

చెయ్యి నయమైనట్టుంది. ఒక్కోసారి నరాలు వాటంతట అవే సర్దుకుంటాయని ఎక్కడో చదివాను.

అయినా ఒక టక్కు వేశాను. కష్టం మీద పడింది.

18వ తేదీ, మంగళవారం

బిగువుగానే ఉన్నాయి. ఒకటి వేశాను. వెనక బండికి రెండు. వెయ్యకపోతే ఆ దారంతా అద్దంలోకి చూస్తూ కూర్చోవాలి. వేస్తే కూర్చోనక్కర్లేదు.

అత్తయ్య సీటు వెనక మూరెడు ఇనప పైపు ముక్క కొత్తగా కనిపించింది. ఏంటని అడిగాను. టైరు స్పానరుకి తొడగడానికంది. మంచిదే.

20వ తేదీ, గురువారం

ఇవాళ రాయలేను.

21వ తేదీ, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున రెండు ఏటీవీలతో పైకి వెళ్తున్నాం. గేటు దాటాం. మూడో మలుపు తర్వాత రోడ్డు కోసుకుపోయిన చోట పికప్పు ఎగిరిపడింది. ఎప్పుడూ ఎగిరిపడే చోటే. వెనక నుంచి తుపాకీ పేలినట్టు చప్పుడైంది. అద్దంలో చూశాను. వెనక ఏటీవీ లేదు. ఉంది. ర్యాక్ మీద నుంచి వెనక్కి జారి, నా పక్క బెల్టుకి వేలాడుతోంది. చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి.

అత్తయ్య బండిని కొండ వైపుకి ఒరిపించి ఆపింది. చాలా నెమ్మదిగా ఆపింది. గట్టిగా బ్రేకు తొక్కి ఉంటే ఆ బెల్టు కూడా తెగేదని తర్వాత మా ఆయన అన్నాడు.

వెనక స్కూటరు మీద ఒకావిడ వస్తోంది. తల మీదికి ఏటీవీ వచ్చేస్తున్నట్టు కనిపించిందట. బ్రేకు వేసింది. కంకరలో జారింది. స్కూటరు ఆవిడ కుడి కాలి మీద పడింది. మేం పరుగెత్తి ఎత్తాం. ఎత్తేటప్పుడు అత్తయ్య చేతుల్లోంచి స్కూటరు హ్యాండిల్ జారిపోయింది. మళ్లీ కాలి మీదే పడింది. ఆవిడ అరిచిన అరుపు రాయను.

చీలమండ విరిగింది. రెండు చోట్ల. ఆవిడ దర్జీ. మిషను కుట్టేది ఆ కాలితోనే.

ఊడింది అత్తయ్య పక్క రింగు. బెల్టు కొక్కెం తగిలించే ఇనప రింగు, ర్యాక్‌కి వెల్డింగు చేసిన చోట వేరుతో సహా ఊడొచ్చింది. బెల్టు చెక్కు చెదరలేదు.

మైదానం మేనేజరు వచ్చాడు. ఎప్పుడూ మెడలో ఈల వేసుకుని తిరుగుతాడు కాబట్టి అందరూ అతన్ని ఈల అనే అంటారు. పోలీసులు రాసుకుని వెళ్లాక, నా పక్క బెల్టు పట్టుకుని చూశాడు.

"ఇది కట్టిందెవరు?"

"మా కోడలు" అంది అత్తయ్య.

"ఈ ఒక్క బెల్టే నిలబెట్టింది. లేకపోతే ఆవిడ తల మీదే పడేది. అమ్మా, మీ కోడలి చెయ్యి గట్టిదండీ."

"అవును" అంది అత్తయ్య. "ఊడిన పక్క నాది. నేను కట్టాను. నాదే పూచీ."

బండి తాళాలు తీసి మేనేజరు చేతికి కాదు, నా చేతికి ఇచ్చింది. నాకు బండి నడపడం రాదని ఆవిడకి తెలుసు.

22వ తేదీ, శనివారం

నేను వేసింది ఒకటో రెండో టక్కులు. అంతమాత్రానికి రింగు ఊడుతుందా?

23వ తేదీ, ఆదివారం

మా ఆయన షెడ్డులో ర్యాక్ విప్పి చూశాడు. నాకు చూపించాడు.

"ఏటీవీ షాకబ్జర్లు సగం నొక్కుకునేలా కట్టాలి. మిగతా సగం గతుకుల కోసం వదిలెయ్యాలి. వీటిని అడుగుదాకా నొక్కేశారు. గతుకొచ్చినప్పుడల్లా దెబ్బ ఎటూ పోకుండా రింగు మీదే పడింది. ఒక్క రోజులో ఊడింది కాదిది. నాలుగు రోజులుగా ఊడుతూ ఉంది."

"అంత బిగువు ఎలా వచ్చింది?" అని అడిగాను. నా గొంతు మామూలుగానే ఉంది.

ఆయన పైపు ముక్క చూపించాడు. దాన్ని ర్యాచెట్ పిడికి తొడిగితే సరిగ్గా పట్టింది. పిడి మీద రంగు గీసుకుపోయి ఉంది.

"స్పానరుకి కాదిది" అన్నాడు. "చేత్తో బిగించలేక దీన్ని తొడిగి లాగింది అమ్మ. మనకి కనపడకుండా."

నేను ర్యాంపులు సర్దుతుండగా, హెల్మెట్లు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు. పదిహేనో తేదీ తర్వాత నుంచి. ఎందుకో నాకు తెలుసు. నేను చెప్పలేదు.

నేను వేసింది ఒకటో రెండో టక్కులు. ఆ పైపు ఎన్ని వేసి ఉంటుంది?

24వ తేదీ, సోమవారం

ఆసుపత్రికి వెళ్లాను. అత్తయ్య రానంది. దర్జీ ఆవిడ కాలికి కట్టు, మంచం చివర ఎత్తుగా పెట్టారు. నన్ను గుర్తుపట్టింది.

"మీరేగా, ఎత్తి మళ్లీ నా మీదే వేసింది?"

"మా అత్తయ్యండీ."

"అత్తయ్య మీదికి తోసేశారా, బాగుంది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ఊరికే అన్నానమ్మా, కూర్చో. ఎవరిది తప్పు అని నేనడగను. అడిగి ఏం చేసుకోను? ఒక్కటి చెప్పు. మళ్లీ ఆ బండి ఎప్పుడు ఆ దారిలో వస్తుందో ముందే చెప్పు. ఆ రోజు నేను ఇల్లు కదలను."

"ఇంక రాదండీ" అన్నాను.

అది నా చేతిలో ఉన్న మాట కాదు. అయినా ఆవిడ మొహం చూసి అనేశాను.

25వ తేదీ, మంగళవారం

అత్తయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని పికప్పు వైపు చూస్తూ కూర్చుంటుంది. పిలిస్తే పలుకుతుంది. కంచం ముందు పెడితే కెలికి లేస్తుంది. మా ఆయన రెండు జోకులు వేశాడు. రెండింటికీ "ఊఁ" అంది. మూడోది వెయ్యలేదు ఆయన.

26వ తేదీ, బుధవారం

మధ్యాహ్నం. ఆయన షెడ్డులో. అత్తయ్య వంటింటి గడప మీద కూర్చుని తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"అమ్మాయ్, నీకో మాట చెప్తా. నవ్వకు. ఆ పైపు నేనే తొడిగాను. మీ ఆయన చూసే ఉంటాడు."

"చూశారు."

"ఎంత బిగించానో చేతికి తెలియట్లేదే. వేడి తెలియట్లేదు, బిగువు తెలియట్లేదు. కళ్లు మూసుకుని కట్టినట్టే ఉంది. ఆవిడ కాలు నా వల్లే పోయింది. ఎత్తడానికి వెళ్లి మళ్లీ నేనే వేశాను. ఇన్నేళ్లు ఈ చేతులతోనే ఇల్లు లాక్కొచ్చాను. ఇవి నావి కాదన్నట్టున్నాయి ఇప్పుడు."

ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మామయ్య పోయినప్పుడు నేనింకా ఈ ఇంటికి రాలేదు. చప్పుడు లేకుండా ఏడుస్తుంది. చేతులతో మొహం కప్పుకోదు.

చెప్పేశాను. "మీరొక్కరే కాదత్తయ్యా. మీ తర్వాత నేనూ బిగించాను."

"ఏంటి?"

"గేటు దగ్గర. మీరు కాగితం చూపించడానికి వెళ్లినప్పుడు. ఆ ఆక్సిడెంటు రోజు వెనక బండికి రెండు టక్కులు వేశాను."

తిడుతుందనుకున్నాను. ఆవిడ అడిగింది వేరే.

"నువ్వు వేసే ముందు ఎలా ఉంది? వదులుగా ఉందా?"

"లేదు. గట్టిగానే ఉంది."

"నిజం చెప్పు."

"నిజమే అత్తయ్యా. గట్టిగా ఉంది. మీటితే మోగింది."

అది నిజం. ఆ రోజుకి అది నిజం. అంతకుముందు రోజుల సంగతి ఆవిడ అడగలేదు.

"మరెందుకు బిగించావు?"

నేను పొయ్యి మీది గిన్నె దించాను.

"నా పక్క ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు."

లేచి వెళ్లి మొహం కడుక్కుంది. కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడైంది. తనే వడ్డించుకుని తింది. రెండోసారి కూడా వడ్డించుకుంది. సాయంత్రం ఆయన వచ్చి చూసి, నా వైపు తిరిగి కళ్లతోనే ఏం చేశావని అడిగాడు. ఏమీ లేదన్నట్టు తలూపాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

28వ తేదీ, శుక్రవారం

అత్తయ్య పొద్దునే జడ వేసుకుని మైదానానికి వెళ్లొచ్చింది. ఎవరి బండిలో వెళ్లిందో తెలియదు. వచ్చి, కోపం ఏమీ లేకుండా చెప్పింది.

"ఈలతో మాట్లాడాను. ఉన్నదున్నట్టు చెప్పాను. నా కట్టు మీద నీ చెయ్యి పడిందని. దాచడమెందుకు? అతనన్నాడు, మీ పక్క మీరే కట్టుకునేవారు ఇన్నేళ్లూ, ఒక్క గీత పడలేదు, మీ కోడలికి అత్యుత్సాహం అని. సోమవారం నుంచి మళ్లీ రమ్మన్నాడు. నీ బదులు వాళ్లే ఒక మనిషిని పంపిస్తారట."

"అత్తయ్యా, మీ చేతులు..."

"చేతులకేమైంది? గట్టిగానే ఉందన్నావుగా. మీటితే మోగిందన్నావుగా."

"అంతకుముందు ఉండేది కాదు. పదో తేదీన నాలుగు టక్కులు పడ్డాయి. పదిహేనున గేటు దగ్గర ఆగలేదు, మీరే చూశారు కదా ఊగింది. అందుకే మీరు పైపు..."

"మొన్న ఒక మాట, ఇవాళ ఒక మాట." నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి బరువుగా ఉంది. వేళ్లు మాత్రం ముడుచుకోలేదు. "భయపడకమ్మాయ్. నీ మీద నాకేం కోపం లేదు. తప్పు ఒప్పుకున్నావు, అది చాలు."

29వ తేదీ, శనివారం

మేనేజరుకి ఫోను చేశాను. మొత్తం చెప్పాను, మొదటి నుంచి. ఊఁ కొడుతూ విన్నాడు.

"చూడమ్మా, నీకు పని పోయింది, బాధుంటుంది. కాదనను. కానీ ఆవిడ మీద నెట్టడం బాగోలేదు. మీ ఇంటి గొడవ మీరు ఇంట్లోనే తేల్చుకోండి."

గొడవ లేదన్నాను. అదే నమ్మలేదు అతను.

30వ తేదీ, ఆదివారం

మా ఆయన ర్యాక్‌కి కొత్త రింగులు వెల్డింగు చేశాడు. పాతవాటికంటే రెట్టింపు లావు. "ఇంక ఏనుగు లాగినా ఊడదు" అన్నాడు. పైపు ముక్కని తుక్కులో పారేశాడు.

"పైపు లేకపోతే వదులుగా కడుతుందండీ."

"పైపుంటే అతిగా బిగిస్తుంది. నువ్వే చూశావు."

"రెండూ నిజమే. అందుకే బండి ఆపమనండి. మీరు చెప్తే వింటుంది."

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఆవిడ గ్లాసు ఎలా పట్టుకుంటుందో ముందు చూసింది ఆయనే.

"మొన్న బుధవారం దాకా ఎలా ఉందో చూశావు కదా అమ్మ" అన్నాడు. "ఇప్పుడెలా ఉందో చూడు. నిన్న నన్ను తిట్టింది, చొక్కా ఉతక్కుండా వేసుకున్నానని. మళ్లీ ఆ కుర్చీలో ఎలా కూర్చోబెట్టమంటావు? నువ్వు కూర్చోబెట్టగలవా?"

లేదన్నాను.

"నేనూ లేను" అన్నాడు. "బండెక్కించేటప్పుడు ఓ కన్నేసి ఉంచుతాలే."

పైన ఎక్కించేటప్పుడు ఎవరు కన్నేస్తారని అడగలేదు.

1వ తేదీ, సోమవారం

మైదానం వాళ్లు పంపిన మనిషి పొద్దునే వచ్చాడు. నడివయసు. ఇదివరకు ఇళ్లు మారేవాళ్ల సామాన్లు ఎక్కించేవాడట. బీరువా ఒక్కడే మోస్తానన్నాడు. చేతులు చూశాను. మోస్తాడు.

షెడ్డు ముందు ఏటీవీలు ఎక్కించారు. అత్తయ్య కింద నిలబడి, కొంచెం కుడికి, చాలు, ఆపు అని చెప్పింది. గొంతు ఖంగుమంటోంది. అతను నా పక్క కట్టాడు. అత్తయ్య తన పక్కకి వెళ్లింది. మా ఆయన కూడా అటు వెళ్లబోయాడు. "నీ స్పానర్లు నువ్వు చూసుకోరా" అని వినిపించింది. ఆయన వెనక్కొచ్చేశాడు. నా వైపు చూడలేదు.

ఆవిడ డ్రైవరు సీటులోకి ఎక్కుతుండగా నేను ఆ మనిషి దగ్గరికి వెళ్లాను. ర్యాంపులు తొట్టిలో పెడుతున్నాడు.

"అన్నా, ఒక్క మాట. గేటు దగ్గర ఆవిడ దిగినప్పుడు, అటు పక్క బెల్టులు కూడా ఒకసారి చూడండి. వదులుగా ఉంటే బిగించండి. గట్టిగా ఉంటే వదిలెయ్యండి. అంతే."

అతను ర్యాంపు కింద పెట్టి నన్ను జాలిగా చూశాడు.

"ముందే చెప్పారమ్మా ఆవిడ. మీరొచ్చి ఇలా అడుగుతారని."

"ఏం చెప్పారు?"

"మీ మనసు బాగోలేదని. ఆ ఆక్సిడెంటు దగ్గర నుంచి బెంగ పెట్టుకున్నారని. ఏదన్నా అడిగితే సరేనమ్మా అని చెప్పమన్నారు." కాస్త ఆగి, ఆవిడ చెప్పినట్టే అన్నాడు. "సరేనమ్మా."

అత్తయ్య హారను కొట్టింది. అతను ఎక్కాడు. పికప్పు కదిలింది. గేటు వైపు కాకుండా ముందు బజారు వైపు తిరగాలి, అక్కడ ఈ వేళప్పుడు పిల్లలు బడికి వెళ్తుంటారు. మలుపు దగ్గర అత్తయ్య పక్క నా వైపుకి తిరిగింది. వెనక బండి బెల్టు బిగువుగానే కనిపించింది. ఇంత దూరం నుంచి ఏ బెల్టయినా అలాగే కనిపిస్తుంది.